నరమంటే ఏ నరం?

లుంగీ మోకాలి పైకి మడిచి, ఎడమకాలు అరుగు మీద పెట్టి చూపించాడాయన. పిక్క మీదుగా చీలమండ దాకా నీలంగా మెలికలు తిరిగిన, చిటికెన వేలంత లావు నరాలు. చీలమండ లోపలి వైపు చర్మం నల్లగా మాడినట్టుంది. దాని నడుమ రూపాయి బిళ్లంత పుండు, పైన పసుపద్దిన గుడ్డపీలిక.

‘‘మూడేండ్లాయ సామీ. మానుతాది, మళ్లా లేస్తాది. నరాల బలహీనతంట. సూదులు ఏపిచ్చుకుంటానే ఉండా, తగ్గల్యా’’ అన్నాడు.

ఊరు కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలో. పని ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ మిషన్ దగ్గర. పొద్దున నుంచి సాయంత్రం దాకా తడిలో నిలబడే పని.

ఆయన కష్టం సగం ఆ ‘నరం’ అనే మాటలోనే ఉంది. మెదడు నుంచి కబురు మోసేదీ మనకు నరమే, రక్తం మోసేదీ నరమే, కండను ఎముకకు పట్టి ఉంచేదీ నరమే. సిర, ధమని, నాడి అని పుస్తకాలు విడదీసినా ఊళ్లో ఎవరూ అట్లా అనరు. అందుకే కాళ్లు గుంజుతున్నాయని పోయినవాళ్లు నరాల బలానికి మాత్రలు, ఎర్రగా ఉండే బి12 సూది వేయించుకుని వస్తారు. అది కబురు మోసే నరానికి మందు. చెడింది రక్తం మోసే నరం. ఏండ్ల తరబడి డబ్బులూ పోతాయి, కాలూ పోతుంది.

కాళ్ల సిరల్లో రక్తం కిందికి జారకుండా చిన్న తలుపుల్లాంటి కవాటాలుంటాయి. నడిచేటప్పుడు పిక్క కండ పిండి రక్తాన్ని గుండె వైపు తోస్తుంది. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం. నడిస్తే అది 30 కంటే కిందికి దిగుతుంది. కవాటాలు చెడితే నడిచినా సరిగా దిగదు. సిర ఉబ్బుతుంది, చర్మం నల్లబడుతుంది, చివరికి పుండు పడుతుంది. దీన్నే వేరికోస్ వెయిన్స్ అంటారు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో చీరలు పరిచి చూపే ఆడపిల్లలు, జమ్మలమడుగు హోటళ్లలో పెనం ముందు నిలబడే దోసె మాస్టర్లు, మూడు నాలుగు కాన్పులయిన తల్లులు, అందరికీ ఈ ముప్పు ఉంది. ఆడవాళ్లదయితే చీర కుచ్చెళ్ల కిందే దాగిపోతుంది.

దీనికీ ఒక సూది ఉంది. పేరు స్క్లెరోథెరపీ. పాలిడోకెనాల్ వంటి మందును సన్నటి సూదితో చెడిన సిరలోకే ఎక్కిస్తారు. సిర లోపలి గోడలు ఒరుసుకుని అతుక్కుపోతాయి, రక్తం పక్కనున్న మంచి సిరల దారి పడుతుంది. సాలెగూడులా కనిపించే సన్న సిరలకు మందును నీళ్లలాగే వాడతారు. లావు సిరలకయితే రెండు సిరంజిల మధ్య గాలితో గిలకొట్టి నురగ చేస్తారు. ఈ పద్ధతిని 2000లో ఇటలీ డాక్టరు టెస్సారి ప్రచారంలోకి తెచ్చాడు. మత్తు అక్కర్లేదు. కట్టు కట్టించుకుని, లేదా బిగుతు మేజోళ్లు తొడుక్కుని ఆ పూటే నడిచి ఇంటికి పోవచ్చు.

అయితే ముందు, సిరల్లో రక్తం పోయే తీరు చూపే డాప్లర్ స్కాన్ తప్పనిసరి. తొడ దగ్గరి పెద్ద సిరే చెడితే మొదట లేజరో రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్సో చూస్తారు. గర్భిణులకు, లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకు ఈ సూది వేయరు. మచ్చ పడొచ్చు, కొన్నేండ్లకు మళ్లీ రావొచ్చు. ఒక్క సూదితో అంతా పోతుందనే మాట నమ్మొద్దు.

వైద్యం ఎరగని సీమ కాదిది. జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆస్పత్రి ముందు తరాల నుంచీ ఉంది. అక్కడ డాక్టరుగా చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో ఉచిత వైద్యానికి ఆరోగ్యశ్రీ పథకం తెచ్చారు. కడపలో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. ఏ చికిత్స ఉచితమో అక్కడి సిబ్బందిని అడిగితే చెబుతారు. తెలియక, చూపించుకోలేక ఆగిపోతున్నారు మనవాళ్లు.

యజమానులకూ ఒక మాట. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. అంగళ్లలో పనిచేసేవాళ్లకు కేరళ 2018లో, తమిళనాడు 2021లో ఆ హక్కు రాసిచ్చాయి. ఒక స్టూలు వేయడానికి పెద్ద ఖర్చేం కాదు.

కాలు గుంజేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. డాక్టరు దగ్గర ‘నరాల బలహీనత’ అని మీరే జబ్బు పేరు పెట్టకండి. సిగ్గుపడకుండా గుడ్డ మోకాలి పైకి తీసి, నిలబడి కాలు చూపించండి. పడుకుంటే ఆ నరాలు అణిగిపోయి కనబడవు.