ఎర్రనేలలో భాస్వరము – మన దేశవాళీ మొక్కలు

ప్రతి సంవత్సరము తొలకరిలో మనము కళాశాల ఆవరణలో మొక్కలు నాటుచున్నాము. వేసవి వచ్చునప్పటికి వానిలో పెక్కు ఎండిపోవుచున్నవి. ఎరువు చాలలేదని కొందరు, నీరు చాలలేదని కొందరు అందురు. ఈ రెండును వేర్వేరు మాటలు కావని మేము తలంచుచున్నాము.

అనంతపురము పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నేల చాలవరకు లోతులేని ఎర్ర గరుసు. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడులది. మొక్క వేరూనుటకు భాస్వరము అత్యవసరము. సూపర్ ఫాస్ఫేటులో అది, పెంటాక్సైడు లెక్కన, నూటికి 16 వంతులు కలదు. కాని నేలలో పడినంతనే ఇనుము, అల్యూమినియము ఆక్సైడులు దానిలో అధికభాగమును పట్టుకొనును. ఉరవకొండ వైపు నల్లరేగడిలో సున్నము ఆ పని చేయును. భాస్వరమనగా ప్రకాశించునది, 1669లో హాంబర్గు నగరమున బ్రాండ్ అను రసవాది కనుగొన్నప్పుడు చీకటిలో మెరిసినదట. మన నేలలో మాత్రము దాగియుండుటే దాని స్వభావము.

నత్రజని నీటితోపాటు నడచివచ్చి వేరును చేరును. భాస్వరము అట్లు రాదు. మట్టిరేణువుల చుట్టునున్న పలుచని నీటిపొరలో మిల్లీమీటర్ల దూరము మాత్రమే మెల్లగా జరుగును. నేల ఎండిన కొలది ఆ పొర తెగిపోయి త్రోవ మూసుకొనును. గుప్పెడు ఎరువు ప్రక్కనే యున్నను మొక్క ఆకలితో నుండును. కావున వేరే భాస్వరమును వెదకికొని పోవలెను.

ఈ వెదకులాటలో వేపకు (ఉర్దూ విభాగపు మిత్రుల నీమ్‌కు), కానుగకు, ఎర్రచందనమునకు ఒక తోడు కలదు. అది మైకోరైజా అను శిలీంధ్రము. వేరు దూరలేని సందులలోనికి దాని సన్నని తంతువులు పోయి భాస్వరమును తెచ్చును; బదులుగా చెట్టు చక్కెర నిచ్చును. ఎరువు మితిమీరినచో మొక్క ఈ బేరమును తగ్గించుకొనును, శిలీంధ్రము క్షీణించును. సంచిలో ఏపుగా ఎదిగిన మొక్క గుట్టపై నాటినంతనే చిక్కిపోవుటకు ఇదియు నొక కారణము కావచ్చును. కానుగ, ఎర్రచందనముల వేరుబుడిపెలలోని బాక్టీరియా గాలి నత్రజనిని పట్టుటకు కూడ భాస్వరము కావలెను. అది కొరవడినచో వానికి రెండు విధముల నష్టము. కానుగ గింజ పెద్దది, తొలి వారములలో తన నిల్వతోనే గడుపుకొనును. చండ్ర గింజకు అంత నిల్వ లేదు.

కాబట్టి కొద్దిపాటి సూపర్ ఫాస్ఫేటును మాగిన పశువుల ఎరువుతో కలిపి సంచిమట్టిలోనే చేర్చవలెను. పైన చల్లిన ఫలము స్వల్పము. అదే జాతి పాతచెట్టు మొదటి నుండి పిడికెడు మట్టి చేర్చినచో శిలీంధ్రమును వచ్చును. మనము మొక్క ఎత్తును చూచి మెచ్చుకొందుము. వేసవిని దాటించునది వేరు.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. కుళాయి దగ్గరి మూల నిచ్చినచో విద్యార్థులు 30 సంచులలో కానుగను పెంచి చూడవచ్చును: పదింటికి ఎరువు లేకుండ, పదింటికి కొద్దిగా, పదింటికి దానికి నాలుగింతలు. మూడు మాసములకు ప్రతి వరుసనుండి సగము మొక్కలను పెకలించి, వేరును, కాండమును వేరువేరుగా ఎండబెట్టి తూచవలెను. మిగిలిన సగమును ఆవరణలో నాటి, మరుసటి జూను నాటికి ఎన్ని బ్రతికినవో లెక్కింపవలెను. వేసవి సెలవులలో నీరు పోయువారెవరో మాత్రము విత్తనము పెట్టకముందే నిర్ణయింపవలెను.