కేతన చెప్పిన ధర్మం, ఆడపడుచు భాగం

కోయంబత్తూరు, మదురై సీమలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి ఉమ్మడి ఆస్తి పంపకాలకూ, మన సరిహద్దు పల్లెల పంపకాలకూ మూలం ఒక్కటే: విజ్ఞానేశ్వరుని ‘మితాక్షర’. దానిని 13వ శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరీయము’ పేర తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు మూలఘటిక కేతన. దండి కథలను తెనిగించి తిక్కన సోమయాజికి అంకితమిచ్చిన ‘దశకుమార చరిత్రము’ కర్త ఈయనే. కథ చెప్పిన కలంతోనే అప్పులు, సాక్ష్యాలు, దాయభాగాలు బోధించడం సామాన్యమైన పని కాదు.

మితాక్షర ప్రకారం పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు కుమారులదే. ఆంధ్రలో 1985 నుండి, తమిళనాట 1989 నుండి వర్తించిన సవరణలు కుమార్తెలకు సమభాగమిచ్చినా, అప్పటికే వివాహమైనవారిని విడిచిపెట్టాయి. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. 2004 డిసెంబరు 20కి ముందు చట్టబద్ధంగా జరిగిన విక్రయాలు, రిజిస్టరైన పంపకాలు మాత్రం చెల్లుతాయి. సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. సరిహద్దు దాటి మెట్టినింటికి వెళ్లిన ఆడపడుచుకూ ఇదే వర్తిస్తుంది.