పౌర, సైనిక గగనతల నియంత్రణలో సమన్వయం: పద్ధతుల ప్రామాణికీకరణ

గగనతలంలో ఏ అపశ్రుతి దొర్లినా మన పత్రికలు ‘సమన్వయ లోపం’ అని రాస్తాయి. వ్యాఖ్యాన సంప్రదాయంలో సమన్వయమంటే భిన్న వాక్యాలను ఒకే తాత్పర్యానికి చేర్చడం. ఈ శాస్త్రార్థమే పౌర, సైనిక నియంత్రకుల సమస్యకు దగ్గరగా ఉన్నది. ఇరుపక్షాలూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఒకే వాక్యాన్ని ఒకే అర్థంలో గ్రహిస్తున్నాయా అన్నదే ప్రశ్న.

1944 నాటి షికాగో ఒడంబడిక పౌర విమానాలకే వర్తిస్తుంది. సైనిక, కస్టమ్స్, పోలీసు విమానాలను మూడవ అధికరణం మినహాయించింది. అయితే వాటికి నియమాలు చేసేటప్పుడు పౌర విమానాల భద్రతను దృష్టిలో ఉంచుకోవాలని అదే అధికరణం రాజ్యాలను నిర్దేశించింది. సూత్రం అంతర్జాతీయం, ఆచరణ పద్ధతి మాత్రం ఏ దేశానికి ఆ దేశానిదే. ప్రామాణికీకరణ అవసరం ఇక్కడే పుడుతున్నది.

భారత గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉన్నదని 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దీనికి పరిష్కారంగా చెప్పేది గగనతల సరళ వినియోగ విధానం. ఇది మూడు అంచెలది: విధాన నిర్ణయం, ముందురోజు కేటాయింపు, అప్పటికప్పుడు వినియోగం. మొదటి రెండూ కాగితం మీద జరుగుతాయి కనుక సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. మూడవది హాట్‌లైన్‌లో, క్షణాల్లో జరిగే సంభాషణ.

ఒక ఊహా సందర్భం: అభ్యాస ప్రాంతం ‘6 గంటలకు ఖాళీ అవుతుంది’ అని ఒకరు చెప్పారు. చెప్పినవారిది విమానయానంలో వాడే సార్వత్రిక కాలమానం, విన్నవారు గ్రహించినది భారత కాలమానం అయితే, ప్రయాణికుల విమానం ఐదున్నర గంటలు ముందుగా ఆ ప్రాంతంలోకి ప్రవేశిస్తుంది. ఎత్తు విషయమూ అంతే. హైదరాబాదు పరిసరాల విమాన స్థావరాలు సముద్రమట్టానికి సుమారు 1700 నుంచి 2000 అడుగుల ఎత్తున ఉన్నాయి. ఒకరు సముద్రమట్టం నుంచి, మరొకరు రన్‌వే నుంచి లెక్కిస్తే ‘3000 అడుగులు’ అనే ఒకే మాట రెండు వేర్వేరు ఎత్తులను చెబుతుంది. విమానాల మధ్య నిలువున పాటించే ఎడం సాధారణంగా 1000 అడుగులే. అందుకే కొలమానం, కాలమానం, విన్నదాన్ని తిరిగి చెప్పి ధ్రువపరచడం అనే మూడూ లిఖిత ఒప్పందంలో స్థిరపడాలి. పరస్పర పరిచయం, సౌహార్దం వీటికి ప్రత్యామ్నాయం కావు; షిఫ్టు మారగానే పరిచయం కూడా మారిపోతుంది.

విశాఖపట్నం ఇందుకు మనకు సమీపమైన ఉదాహరణ. అక్కడ పౌర టెర్మినల్ నడిచినది నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగలో. రన్‌వే, నియంత్రణ నౌకాదళానివి కావడంతో పౌర విమానాల వేళలు నౌకాదళ అవసరాలకు లోబడి ఉండేవి. ఒకే టవరు ఉన్నంత మాత్రాన సమస్య తీరదనీ, ప్రాధాన్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో ప్రకటించాలన్నది మిగిలే ఉంటుందనీ ఇది తెలుపుతున్నది.

1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానం తనకు అనుమతించిన ఎత్తుకంటే కిందికి దిగడం తక్షణ కారణం. దీన్ని పౌర, సైనిక సమన్వయ వైఫల్యంగా చిత్రించడం సరికాదు. కాని గగనతలంలో అధిక భాగం సైన్యం వినియోగంలో ఉన్నందువల్ల ఢిల్లీకి వచ్చే, వెళ్ళే విమానాలు ఒకే మార్గంలో ఎదురెదురుగా నడిచేవి. ఆ మార్గాలు వేరుపడినది ప్రమాదం తరువాతనే.