కొలత ఒకటే, ముక్కలు వంద: రేడియల్ ఆర్మ్ రంపానికి ఫెన్స్, స్టాపర్ ఎలా ఎంచుకోవాలి?

కోటప్పకొండ: మహాశివరాత్రి దగ్గర పడుతుంటే నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో ప్రభలు కట్టే పని జోరందుకుంటుంది. కొన్ని ప్రభలు 80, 90 అడుగుల ఎత్తు లేస్తాయి. కింద చట్రం ఒక్క డిగ్రీ వాలితే 90 అడుగుల పైన ఆ తేడా అడుగున్నర దాటుతుంది. అందుకే కట్టేవాళ్ళు ముందు కింద కొలత చూసుకుంటారు, పైన అలంకారం తర్వాత.

వడ్రంగి షెడ్డులో లెక్క కూడా ఇదే. తలుపులైనా, కిటికీలైనా, మదర్సా పిల్లలు ఖురాన్ పెట్టుకుని చదివే రెహల్ అయినా ఒకే కొలత ముక్కలు వరసగా కోయాలి. ఒక కాలు కాస్త పొడుగైతే రెహల్ ఊగుతుంది. వంద ముక్కలకీ టేపు పెట్టి, పెన్సిల్ గీసి కోస్తే ఎంత మంచి మిస్త్రీకైనా తేడా రాక తప్పదు. మన మిస్త్రీలు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, ఉర్దూలో సూత్ అంటారు. రెండు మాటలకీ అర్థం దారమే. ఆ దారమంత తేడాని ఆపేవి రెండే: ఫెన్స్, స్టాపర్.

ఈ రంపం తీరు వేరు

టేబుల్ రంపంలో బ్లేడు కదలదు, చెక్కని తోస్తాం. రేడియల్ ఆర్మ్ రంపంలో చెక్క కదలదు. పైన ఉన్న చెయ్యి మీద మోటారు, బ్లేడు కలిసి జరుగుతాయి. రేమండ్ డివాల్ట్ అనే అమెరికన్ 1922లో దీన్ని తయారు చేశాడు. మన దగ్గర షెడ్లలో ఇది తక్కువే. పాత మిషన్ కొనేవాళ్ళూ, స్లైడింగ్ మైటర్ రంపం వాడేవాళ్ళూ తెలుసుకోవాల్సిన సంగతులు మాత్రం దాదాపు ఒకటే.

బ్లేడు తిరుగుతూ చెక్కని కిందికీ, వెనక్కీ నొక్కుతుంది. ఆ ఒత్తిడిని కాచేది వెనక నిలబడ్డ ఫెన్స్. అది వంగినా, కదిలినా కోత వంకర పోతుంది, ఒక్కోసారి చెక్క బ్లేడులో ఇరుక్కుంటుంది.

ఫెన్స్: ముందు చెక్కదే చాలు

ఈ రంపానికి ఫెన్స్ అంటే టేబుల్ పలకల మధ్య సందులో బిగించిన తిన్నని బద్ద. ప్రతి కోతలో బ్లేడు దాన్ని కూడా కోస్తుంది. కాబట్టి అది అరిగిపోయే వస్తువు, పాడైతే మార్చేసేది. బాగా ఎండిన చెక్క గానీ, మంచి ప్లైవుడ్ గానీ సరిపోతుంది. పచ్చి చెక్క వద్దు, నెల తిరక్కుండానే మెలిక పడుతుంది. అంచు వెంట దారం గట్టిగా లాగి చూడాలి. మధ్యలో వెలుగు కనిపిస్తే ఆ బద్ద పనికిరాదు.

ఎత్తు మరీ ఎక్కువైతే మోటారు, కవచం తగులుతాయి. మరీ తక్కువైతే చెక్కకి ఆనిక ఉండదు. మామూలు పలకలకి టేబుల్ పైన ముప్పావు అంగుళం నుంచి అంగుళం వరకు ఉంటే బాగుంటుంది. నేరు కోతకి ఒక బద్ద, ఏటవాలు కోతకి ఇంకోటి ఉంచుకోవడం మంచిది. ఒకే బద్దలో నాలుగైదు గాట్లు పడితే చిన్న ముక్కలు అక్కడ చిక్కుకుంటాయి.

అల్యూమినియం ట్రాక్ ఫెన్స్ కావాలంటే ఎడమ, కుడి రెండు భాగాలుగా ఉన్నది చూడాలి. బ్లేడు వెళ్ళే చోట మధ్యలో మార్చుకునే చెక్క ముక్క ఉండాలి. పళ్ళు లోహానికి తగలకూడదు. బిగించాక రెండు భాగాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో పొడుగాటి స్కేలు పెట్టి చూడాలి.

మూలమట్టం సరిగ్గా ఉందా అన్నదానికి సులువైన పరీక్ష ఉంది. వెడల్పాటి పలకని మధ్యకి కోయాలి. ఒక ముక్కని బోర్లా తిప్పి, రెండిటినీ ఫెన్స్‌కి ఆనించి కోసిన అంచులు కలపాలి. సందు కనిపిస్తే అసలు తప్పు అందులో సగం. అర డిగ్రీ తప్పు ఉంటే అడుగు వెడల్పు పలకలో దాదాపు ఒక నూలు పోతుంది. ఇది సరి చేయకుండా స్టాపర్ కొనడం దండగ.

స్టాపర్: పనిని బట్టి

రోజంతా ఒకే కొలత అయితే ఫెన్స్‌కి క్లాంప్‌తో బిగించిన చెక్క ముక్క చాలు. పెద్ద ఖర్చు లేదు, గట్టిగా నిలుస్తుంది. వంటింటి అలమరాల్లా రోజుకి పది కొలతలు మారే పనైతే ట్రాక్ మీద జరుగుతూ, అక్కర్లేనప్పుడు పైకి మడిచే స్టాపర్ కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు బిగించి, వేలితో పక్కకి ఊపి చూడాలి. ఆట ఉంటే వద్దనాలి. తర్వాత ఒకే కొలతకి పది ముక్కలు కోసి, నిలబెట్టి తలలు కలిపి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

స్టాపర్ కింది మూల కాస్త చెక్కి ఉండాలి, లేదా టేబుల్‌కి పావు అంగుళం పైన ఉండాలి. లేకపోతే అక్కడ పొట్టు పేరుకుని ప్రతి ముక్కా కాస్త పొట్టిగా వస్తుంది. ఫెన్స్ మీద స్కేలు అతికిస్తే, వేరే మందం బ్లేడు వేసినప్పుడల్లా దాన్ని మళ్ళీ సరిచూసుకోవాలి.

వేళ్ళ సంగతి ముందు

స్టాపర్ ఎప్పుడూ ఒక్క పక్కనే. చేత్తో పట్టుకోవాల్సింది స్టాపర్‌కీ బ్లేడుకీ మధ్య ఉన్న ముక్కని. రెండో ముక్క ఖాళీగా వదిలేయాలి. రెండు పక్కలా స్టాపర్లు పెడితే కోసిన ముక్క మధ్యలో ఇరుక్కుని ఎగిరి కొడుతుంది. ముక్క చెయ్యంత పొడుగు లేకపోతే క్లాంప్‌తోనే పట్టాలి.

ఈ బ్లేడు తనంతట తానే మనిషి వైపు దూసుకొస్తుంది. అందుకని లాగే చెయ్యి బిగువుగా ఉంచి, తొందరపడకుండా లాగాలి. పళ్ళ వంపు తక్కువగా ఉన్న బ్లేడు తీసుకుంటే ఈ దూకుడు తగ్గుతుంది. కోత అయ్యాక బ్లేడుని ఫెన్స్ వెనక్కి పంపి, అది ఆగాకే ముక్క తీయాలి.

పాత మిషన్ కొనేవాళ్ళు కవచం తప్పక చూసుకోవాలి. బ్లేడు మొత్తాన్ని కప్పే కవచం లేదన్న కారణంతో 2000లో అమెరికాలో లక్షల కొద్దీ పాత రేడియల్ ఆర్మ్ రంపాలను వెనక్కి పిలిచారు. అలాంటిది చవగ్గా దొరికినా ఇంటికి తేకూడదు. బడి సెలవుల్లో అబ్బాకి సాయం అంటూ షెడ్డుకొచ్చే పిల్లలకి కొలతలు చెప్పే పని, ముక్కలు పేర్చే పని ఇవ్వొచ్చు గానీ మిషన్ దగ్గర నిలబెట్టకూడదు.

డబ్బు తక్కువగా ఉంటే వరస ఇలా పెట్టుకోవాలి: ముందు కవచం, తర్వాత మంచి బ్లేడు, ఆ తర్వాత తిన్నని చెక్క ఫెన్స్, దానికో చెక్క స్టాపర్. ఆర్డర్లు పెరిగి కొలతలు తరచూ మారుతుంటే అప్పుడు అల్యూమినియం ట్రాక్ గురించి ఆలోచించొచ్చు.