కొండవీటి ముట్టడి

పలనాటి యుద్ధమంటే మన విద్యార్థులకు కారెంపూడి రణరంగం, కోడిపోరు, బాలచంద్రుడు స్ఫురిస్తారు. శ్రీనాథుని పేర నిలిచిన వీరచరిత్ర చేసిన మేలు అది. కాని అదే సీమలో 1515వ సంవత్సరం వేసవిలో జరిగిన మరొక యుద్ధాన్ని మనం కృష్ణరాయల దిగ్విజయమనే ఒక్కమాటతో దాటిపోతూ ఉంటాము. రాజు శిబిరం నుండి చూస్తే అది దిగ్విజయమే. కోటలోపలి నుండి చూచినవారికి అది ఎట్లు కనిపించి ఉంటుంది?

రెడ్డిరాజులలో అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుండి కొండవీటికి మార్చినాడు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా మెలగిన ఊరు ఇదే. పదునైదవ శతాబ్ది నడుమ అది ఓఢ్ర గజపతుల వశమైనది. అప్పటికి అది సరిహద్దు కోట కాదు. సరిహద్దు దక్షిణాన ఉదయగిరి. 1513లో కృష్ణరాయలు ఆ దుర్గాన్ని ముట్టడించి, మరుసటి ఏట సాధించి, ప్రతాపరుద్ర గజపతికి బంధువైన తిరుమల రౌతరాయని సజీవంగా పట్టుకొన్నాడు. దానితో సరిహద్దు ఉత్తరానికి జరిగి కొండవీటి గడపలో నిలిచినది.

తరువాత పడిన కోటల పేర్లు శాసనాలలో ఒక్కధాటిగా వస్తాయి: అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం. ఉపాధ్యాయులు ఈ పేర్లను చదివించి ఊరుకొనక, పటం మీద గుర్తింపజేస్తే యుద్ధతంత్రం పిల్లలకే బోధపడుతుంది. వినుకొండ కొండవీటికి నైరుతిన ఉన్నది, బెల్లంకొండ వాయవ్యాన. తంగెడ కృష్ణ ఒడ్డున. కొమ్మలన్నీ నరికిన పిమ్మటనే రాయలు మాను మీద గొడ్డలి వేసినాడు. కటకం నుండి సాయం రావలెనంటే గోదావరి, కృష్ణ రెండూ దాటవలె. ఒక్కొక్క కోట పడిన వార్త ఏ బాటసారి నోటనో, పారిపోయి వచ్చిన బంటు నోటనో కొండవీటి అంగడికి చేరుతూ ఉండగా, అక్కడి వర్తకుడు సరకు దాచుకొనెనో, అమ్ముకొనెనో! శాసనకర్తలు అట్టివి చెప్పరు.

కొండవీడు పడినది 1515 జూన్ 23న, ఆషాఢ శుద్ధ ద్వాదశినాడు. ముట్టడి రెండు నెలలు సాగినదని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ వ్రాసినాడు. అతడు ఇరువది ఏండ్ల తరువాత వ్రాసినవాడు. అతని లెక్కలన్నింటినీ నమ్మలేము గాని, ఈ మాట నిజమైతే కోటవారు నిలిచినది సరిగా వైశాఖ జ్యేష్ఠాలలో. పలనాటి రోహిణీ కార్తె ఎట్టిదో ఆ సీమవారికి చెప్పనక్కరలేదు. కొండమీద రెడ్డిరాజుల నాటి చెరువులు మూడున్నవి. సేనలు, ఏనుగులు, గుఱ్ఱాలు, కోటలో తలదాచుకొన్న జనం, అందరికీ ఆ నీరే ఆధారం. గోడలను ఎదిరిసేన బ్రద్దలు కొట్టుతూ ఉంటే, లోపల చెరువుల అడుగు కూడా కనిపిస్తూ వచ్చి ఉంటుందని నా ఊహ.

పట్టుబడినవారి పేర్లను మాత్రం శాసనం శ్రద్ధగా చెక్కించినది. గజపతి కుమారుడు వీరభద్రుడు, కుమారహంవీరుని కొడుకు నరహరిపాత్రుడు, మల్లూఖాను, ఉద్దండఖాను, పూసపాటి రాజులు. ఓఢ్రులు, తెలుగువారు, మహమ్మదీయులు ఒకే గోడ వెనుక నిలిచి పోరాడినారన్నమాట. దీనిని మతయుద్ధంగా చెప్పబూనేవారు ఈ పట్టికను ఒకసారి చదువవలె. వారందరికీ రాయలు అభయమిచ్చినాడట. పక్షం రోజులకే అమరావతిలో అమరేశ్వరుని సన్నిధిని తులాపురుష దానం చేసినాడు.

కొండవీటి పాలన తిమ్మరుసుకు, ఆ వెనుక అతని మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రికి దక్కినది. గోపమంత్రి 1520లో రఘునాయకస్వామి ఆలయానికి అంగడి సుంకాలను ధారపోస్తూ వేయించిన శాసనమొకటి అక్కడ ఉన్నది. మనకు కావలసిన మనుషులు కొంతవరకు అందులో దొరుకుతారు. జొన్నలు, సజ్జలు, ఉప్పు, వంకాయలు, చింతపండు, నూలు, నెయ్యి, ఇనుము, మిరియాలు, లవంగాలు, తమలపాకులు, ఇంకను ఎన్నియో సరకులు, వాని మీద సుంకాలు. ముట్టడి జరిగి అప్పటికి అయిదేండ్లు.