బెలూన్ చికిత్సానంతరం ధమనీకుడ్యంలో కణవృద్ధి

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్ నగరంలో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే వైద్యుడు ఛాతీని కోయకుండానే, ఇరుకైన హృదయధమనిని సన్నని గొట్టం చివర అమర్చిన బెలూన్‌తో వెడల్పు చేశాడు. ఈ చికిత్స త్వరలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. అయితే దాదాపు మూడోవంతు మందిలో, సాధారణంగా ఆరు నెలల్లోపే, అదే చోట నాళం మళ్లీ ఇరుకైంది. దీనికి ‘పునఃసంకోచం’ అనే మాట వాడితే అది కండరాల ముడుచుకుపోవడాన్ని స్ఫురింపజేస్తుంది. ‘పునరవరోధం’ అనడమే మేలు.

‘కొవ్వు మళ్లీ పేరుకుంది’ అన్నది దీనికి లోకవ్యవహారంలో వినిపించే వివరణ. కొవ్వు ఫలకం ఏర్పడటానికి ఏళ్లు పడుతుంది. నెలల వ్యవధిలో అడ్డుపడేది చాలావరకు ధమని తన గాయాన్ని మాన్పుకునే యత్నంలో పెంచుకున్న కణజాలమే.

బెలూన్ కొవ్వును కరిగించదు, తొలగించదు. ఫలకాన్ని చీల్చి, ధమనీకుడ్యాన్ని సాగదీస్తుంది. ఆ ఒత్తిడికి నాళం లోపలి నునుపైన పొర, అంటే ఎండోథీలియం, రాలిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా కాపాడేదీ, కింది కణాలను అదుపులో ఉంచేదీ ఈ పొరే. అది లేని చోట ప్లేట్‌లెట్లు అతుక్కుని వృద్ధికారకాలను విడుదల చేస్తాయి. మధ్యస్తరంలోని మృదుకండర కణాల సహజధర్మం సంకోచ వ్యాకోచాలు. గాయపు సంకేతం అందగానే అవి ఆ ధర్మాన్ని వదిలి విభజన చెందడం మొదలుపెడతాయి. స్థితిస్థాపక పొరను దాటి లోపలివైపుకు వలసపోతాయి. అక్కడ తమ చుట్టూ పీచువంటి పదార్థాన్ని స్రవిస్తాయి. ఇలా ఏర్పడే కొత్త పొరే ‘నవాంతస్తరం’. చర్మం మీద మచ్చ మిగిలినట్టే ఇదీ మిగులుతుంది. కాకపోతే చర్మం మీది మచ్చ దేనికీ దారి మూయదు.

నాళం సాగి తిరిగి దగ్గరపడటం కూడా పునరవరోధానికి ఒక కారణం. 1986లో మొదలైన లోహపు స్టెంట్ దానిని నిలువరించింది. కానీ లోహం నిత్యం ఒరుసుకోవడంతో కణవృద్ధి మరింత పెరిగింది. 1998లో ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హైదరాబాదు హృద్రోగ నిపుణులు సోమరాజు కలిసి రూపొందించిన చవక స్టెంట్ ధర సమస్యను ఎదుర్కొంది. కణవృద్ధి సమస్య మాత్రం నాటి లోహపు స్టెంట్లన్నిటిదీ.

దీనికి విరుగుడు ఈస్టర్ ద్వీపపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి లభించింది. ఆ ద్వీపపు స్థానికనామం రాపా నుయి. అందువల్లనే ఆ ఔషధానికి రాపామైసిన్ అన్న పేరు వచ్చింది. కణం విభజనకు సిద్ధమయ్యే దశలోనే అది దాన్ని ఆపుతుంది. దీనిని పూసిన స్టెంట్లపై 2002లో ప్రచురితమైన రావెల్ పరిశోధనలో, ఆరు నెలల నాటికి పునరవరోధం ఒక్కరిలోనూ కనబడలేదు. సాధారణ స్టెంట్లు అమర్చినవారిలో అది 26.6 శాతం.

అయితే ఆ ఔషధానికి మంచి కణం, చెడ్డ కణం అన్న భేదం లేదు. మృదుకండర కణాలతోపాటు ఎండోథీలియం తిరిగి పెరగడాన్నీ అది ఆలస్యం చేస్తుంది. అంతవరకు లోహం రక్తానికి ఎదురుగా నిలిచే ఉంటుంది; దాని మీద హఠాత్తుగా గడ్డకడితే గుండెపోటు తప్పకపోవచ్చు. స్టెంట్ వేయించుకున్నవారికి ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ వంటి మరో మందును నెలల తరబడి ఇవ్వడం, నొప్పి తగ్గిందని వాటిని సొంతంగా మానవద్దని వైద్యులు పట్టుబట్టడం ఇందువల్లనే.