అడవిలో ఎవరి వేళ వారిది
నల్లమల అంచు గ్రామాలు గమనించవలసిన ‘గడియారం’

పెద్దదోర్నాల: శ్రీశైలం వెళ్లే అడవి రోడ్డుకు రాత్రిపూట గేటు వేస్తారు. ఆలస్యంగా వచ్చిన ప్రయాణికులు తెల్లవారే దాకా ఆగక తప్పదు. విసుగు పుట్టించే మాటే అయినా దాని వెనుక ఒక లెక్క ఉంది. పగలు రోడ్డు మనుషులది, రాత్రి మృగాలది. ఇలాంటి పంపకం అడవి జంతువులు తమలో తాము ఏనాటి నుంచో చేసుకుని ఉన్నాయి. వేటాడే జంతువు ఆకలి, వేటకు గురయ్యే జంతువు భయం కలిసి ఆ వేళలను నిర్ణయిస్తున్నాయి.

పెద్దపులి ఎక్కువగా పొద్దు గూకినప్పటి నుంచి తెల్లవారే దాకా తిరుగుతుంది. ఎండ ముదిరితే వాగు పక్కనో, పొద నీడనో పడుకుంటుంది. చాలాదూరం తరమడం దానికి చేతకాదు. పొంచి ఉండి, దగ్గరకు వచ్చాక మీద పడుతుంది. పొంచే జంతువుకు చీకటే అండ. పైగా దాని కంటిలో అద్దం వంటి పొర ఒకటి ఉంది. మసక వెలుతురును కూడా అది రెండోసారి కంటికి అందిస్తుంది. రాత్రి దీపం పడితే కళ్లు మెరిసేది అందుకే.

అయితే ఆ పొర కణితికీ, దుప్పికీ కూడా ఉంది. కనుక చూపు ఒక్కదానితోనే ఎవరూ గెలవలేరు. ఎప్పుడు బయటికి రావాలి, ఎక్కడ నిలబడాలి అన్నదే అసలు పోటీ.

దుప్పికి రెండు వైపులా గండమే

కణితి ఎక్కువగా రాత్రి మేస్తుంది. పులికి ఇష్టమైన ఆహారాల్లో అదొకటి. కాబట్టి కణితి లేచే వేళకే పులీ లేస్తుంది. చుక్కల దుప్పి పద్ధతి వేరు. ఉదయం, సాయంత్రం మందలుగా మేస్తుంది. వెలుతురు ఉంటే మందలో ఏదో ఒక కన్ను శత్రువును పసిగడుతుంది. రాత్రయితే పొదలకు దూరంగా, ఖాళీ జాగాలో చేరి నెమరు వేస్తుంది.

పగలు మేస్తే పులి బాధ కొంత తప్పుతుంది గాని రేచుకుక్కల బాధ తప్పదు. అవి పగటి వేటగాళ్లు. గుంపుగా తరిమి, అలిసిన దానిని పడగొడతాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లు ఉంటుంది దుప్పి బతుకు. అలాగని కదలకుండా పడుకుంటే కడుపు నిండదు. ఎండాకాలంలో నీటికి రాక తప్పదు. నీటి దగ్గర కాచుకుంటే చాలని పులికీ తెలుసు.

ఇక దుప్పికి పగటి కావలి కొండముచ్చు. చెట్టు మీది నుంచి చిరుతనో, పులినో చూస్తే అది అరుస్తుంది. కింద మందంతా చెవులు నిక్కిస్తుంది. కొండముచ్చు రాల్చే ఆకులు, కాయలు కూడా దుప్పులకు మేతే. రాత్రి కొండముచ్చు నిద్రపోతే ఆ కావలి ఉండదు.

వెన్నెలకు సైతం ఈ లెక్కలో పాలు ఉంది. ముళ్లపంది నిండు వెన్నెల రాత్రుల్లో తక్కువగా తిరుగుతుంది. తనను చూసేవారు ఉంటారన్న భయం దానిది.

మనిషి భయం మరీ పెద్దది

ఈ గడియారాన్ని ఇప్పుడు మనిషి కూడా తిప్పుతున్నాడు. ఆరు ఖండాల్లో 62 రకాల జంతువుల మీద జరిగిన పరిశీలనలను కలిపి చూసిన శాస్త్రజ్ఞులు, మనుషుల అలికిడి ఉన్నచోట జంతువులు పగటి సంచారం తగ్గించి రాత్రికి మళ్లుతున్నాయని 2018లో ప్రకటించారు. నేపాల్‌లోని చిత్వన్‌లో పులులు మనుషులు నడిచే బాటల మీదనే, మనుషులు లేని రాత్రివేళ నడుస్తున్నట్లు 2012లో వెలువడిన పరిశీలన తెలిపింది. బాట ఒకటే, వేళలు వేరు.

మన చేలల్లో జరుగుతున్నదీ ఇదే. పగలు మనుషులు ఉంటారు గనుక అడవిపంది రాత్రి వచ్చి వేరుశనగ పెళ్లగిస్తుంది, మొక్కజొన్న విరుస్తుంది. పందులు, ఊరకుక్కలు, మేకల వాసన పట్టి చిరుత కూడా రాత్రే ఊరి అంచుకు వస్తుంది. మనం పందిని రాత్రికి తోస్తే, పంది వెంట చిరుతా వచ్చినట్లయింది.

పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగడం మరీ ప్రమాదం. చీకట్లో ఆ తీగకు పంది అయినా, పులి అయినా, నీరు కట్టడానికి వచ్చిన రైతయినా ఒకటే. ఇలాంటి తీగలకు మనుషులు కూడా బలయ్యారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం కూడా.

జాగ్రత్తలు

అడవి అంచున బతికేవారు వేళ పాటిస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది. బాగా పొద్దెక్కాక మందను తోలాలి. పొద్దు గూకకముందే ఇంటికి మళ్లించాలి. మసక చీకటి వేళ పిల్లలను ఒంటరిగా వాగు దగ్గరకు పంపరాదు. తెల్లవారుజామున బయటికి వెళ్లేవారు లైటు పట్టుకుని, మాట్లాడుకుంటూ నలుగురు కలిసి వెళ్లాలి. మేకల దొడ్డికి తలుపుతో పాటు పైకప్పు కూడా ఉండాలి. చిరుత గోడ దూకగలదు.

కొండముచ్చు, దుప్పి ఆగకుండా అరుస్తుంటే అటు అడుగు వేయవద్దు. పశువు చనిపోతే కోపంతో కళేబరానికి విషం పూయరాదు. దానిని కదపకుండా వెంటనే అటవీ శాఖ వారికి తెలిపి, నష్టపరిహారం కోరాలి.

1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చిన ఈ అడవి, 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ అభయారణ్యంగా, దక్షిణాన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా ఉంది. పులికి ఆ హద్దులు తెలియవు. అది పాటించేది వేళనే. ఆ వేళను మనమూ గుర్తు పెట్టుకుంటే మందా క్షేమం, మనిషీ క్షేమం.